ఫైలు పేరు ఫైల్లో ఉండదు (మన పాటల డిస్క్ గురించి కొంచెం పెద్ద పోస్ట్)

పోస్ట్ పెద్దగా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న గ్రూపులో ఒక చెల్లె అడిగింది, "అన్నా, లినక్స్ నేర్చుకోమంటున్నరు, అందులో సీ డ్రైవ్ లేదు, డీ డ్రైవ్ లేదు, మరి ఫైళ్లు ఎక్కడ పెడ్తది?" అని. అప్పుడు రెండు ముక్కల్లో జవాబు ఇచ్చిన గానీ నాకే తృప్తి కాలేదు. నేను సర్వర్లు చూసే ఉద్యోగం చేస్తా, ఎక్కువగా నైట్ షిఫ్టు. ఉండేది బడంగ్‌పేట్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నంత కిరాయి ఇక్కడ లేదు కాబట్టి. ఈ ఫైళ్ల సంగతి నాకు జీతం ఇచ్చే సంగతే. కానీ దాని అసలు విలువ తెలిసింది ఆఫీసులో కాదు, మా తండాల్లో రికార్డు చేసిన పాటల డిస్క్ పాడైనప్పుడు. ఆ కథ అర్థం కావాలంటే ముందు కొంచెం పాఠం చెప్పాలె, ఓపిక పట్టండి.

సీ డ్రైవ్ సంగతి త్వరగా చెప్పేస్తా. విండోస్‌లో ఒక్కో డిస్కుకు ఒక్కో అక్షరం. యూనిక్స్‌లోనూ, దాని దారిలో నడిచే లినక్స్‌లోనూ ఉండేది ఒకటే చెట్టు. దాని మొదలుకు పేరు ఒక్క గీత, '/'. అక్కడి నుంచి హోం, ఈటీసీ, వార్, యూఎస్‌ఆర్ అని కొమ్మలు. మీ సొంత ఫైళ్లు హోం కింద మీ పేరున్న ఫోల్డర్లో, సెట్టింగులు ఈటీసీలో, రోజూ పెరిగే లాగులు వార్‌లో ఉంటయి. పెన్‌డ్రైవ్ పెడితే కొత్త అక్షరం పుట్టదు, ఉన్న చెట్టుకే ఒక కొమ్మ దగ్గర అంటు కడతది. దాన్నే మౌంట్ అంటరు. గంతే.

అసలు విషయం దీని తర్వాత ఉంది. ఫైలు పేరు ఫైల్లో ఉండదు.

మన ఊళ్లల్లో భూమికి రెండు గుర్తులుంటయి కదా. "చింతచెట్టు చెల్క", "బాయికాడి మడి" అని మనం పిలుచుకునేది ఒకటి. రికార్డులో సర్వే నంబరు ఇంకొకటి. ఆ నంబరు పక్కన విస్తీర్ణం ఎంత, పట్టా ఎవరిది, అన్నీ రాసి ఉంటయి. చింతచెట్టు కొట్టేసినా, తాత పెట్టిన పేరు మనవడు మర్చిపోయినా, నంబరూ భూమీ అట్లనే ఉంటయి. లినక్స్‌లో ఆ సర్వే నంబరు లాంటిది ఐనోడ్. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్, దానికొక నంబరు. ఆ ఐనోడ్‌లో ఫైలు సైజు, యజమాని ఎవరు, ఎవరికి చదివే అనుమతి, ఎవరికి రాసే అనుమతి, చివరిసారి ఎప్పుడు మారింది, డిస్క్ మీద డేటా ఏ బ్లాకుల్లో ఉంది అన్నీ ఉంటయి. ఒక్కటి మాత్రం ఉండదు, పేరు. పేరు ఉండేది ఫోల్డర్లో. ఫోల్డర్ అంటే పెట్టె అనుకుంటం, కాదు, అది ఒక రిజిస్టరు. రెండే గడులు, పేరు ఒక గడిలో, ఐనోడ్ నంబరు పక్క గడిలో. ఆ ఫోల్డర్ పేరు కూడా దానిలో ఉండదు, దాని పై ఫోల్డర్ రిజిస్టర్లో ఉంటది. నమ్మకం లేకపోతే ఎల్ఎస్ కమాండు మైనస్ ఐ తో కొట్టి చూడండి, పేర్ల పక్కన నంబర్లు కనపడ్తయి. మొదలు '/' ఉంది చూడండి, ఈఎక్స్‌టీ4లో దాని నంబరు ఎప్పుడూ 2.

డేటా ఉండే బ్లాకు మామూలుగా 4 కిలోబైట్లు. పది అక్షరాల చీటీ రాసినా ఒక బ్లాకు పోతది. ఇంకో సంగతి, ఐనోడ్లు ఎన్ని అనేది ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసేటప్పుడే లెక్క కట్టి పెడతరు, మామూలు లెక్కలో ప్రతి 16 కిలోబైట్లకు ఒకటి. 16 జీబీ పార్టిషన్ అయితే దాదాపు పది లక్షల నలభై ఎనిమిది వేలు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పోగైతే డిస్క్ సగం ఖాళీ ఉన్నా "స్థలం లేదు" అని మొండికేస్తది. హాస్టల్లో గదులు ఖాళీ ఉన్నా మంజూరైన సీట్లు నిండినయ్ అని తిప్పి పంపినట్టు. మనలో చాలామందికి ఆ అనుభవం ఉంది కాబట్టి ఇది ఎక్కువ వివరించక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడుగుతరు, గుర్తుపెట్టుకోండి: డీఎఫ్ మైనస్ హెచ్ స్థలం చూపిస్తది, డీఎఫ్ మైనస్ ఐ ఐనోడ్లు చూపిస్తది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఐనోడ్‌లో 'ఐ' అంటే ఏంటని తర్వాత్తర్వాత అడిగితే రిచీ గారికే గట్టిగా గుర్తులేదు, 'ఇండెక్స్' అయి ఉంటదని అన్నరు. పాత యూనిక్స్ రిజిస్టర్లో ఒక్కో వరుస 16 బైట్లు, నంబరుకు 2, పేరుకు 14. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టినప్పుడు వాడింది మినిక్స్ అనే చిన్న సిస్టం ఫైల్ పద్ధతి, అందులో కూడా పేరు 14 బైట్లే. 1992లో రెమీ కార్డ్ అనే ఆయన ఈఎక్స్‌టీ రాసిండు, 1993లో ఈఎక్స్‌టీ2, 2001లో ఈఎక్స్‌టీ3 కెర్నల్లోకి వచ్చింది, 2008 చివర్లో ఈఎక్స్‌టీ4. ఇప్పుడు పేరుకు 255 బైట్లు.

255 అంటే మస్తు అనిపిస్తది. ఇంగ్లిష్ వాళ్లకు మస్తే, అక్షరానికి ఒక బైటు. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడు. అదీ మనం అనుకునే అక్షరం కాదు, గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు, ప్రతిదానికీ మూడు. 'స్త్రీ' అని రాస్తే మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు గుర్తులు, 18 బైట్లు. పాత యూనిక్స్ కొలతలో అదొక్కటి కూడా పట్టదు. మా ఊరి పేరు 'బడంగ్‌పేట్' అందులో పెడితే 'బడంగ' దాకా వచ్చి ఆగుతది. ఇప్పటి 255లో తెలుగు గుర్తులు 85 పడ్తయి.

మా గోర్ బోలికి అందరూ ఒప్పుకున్న సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగులో రాస్తం, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడలో. గోండు తమ్ముళ్ల సంగతి వేరు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందు ఏడాదే మసరాం గోండి చేరింది. ఈ రెండిటికీ అక్షరానికి నాలుగు బైట్లు, అంటే ఒక ఫైలు పేరులో 63 గుర్తులు. మా రూంలో ఉట్నూర్ వైపు నుంచి వచ్చిన మిత్రుడు ఒక ఫైలుకు గుంజాల గోండిలో పేరు పెడితే స్క్రీన్ మీద అన్నీ డబ్బాలే కనపడ్డయ్. "చూసినవా, మా అక్షరాలు దీనికి రావు" అన్నడు. రాకపోవడం కాదు, ఫాంట్ లేదు. నోటో వాళ్ల గుంజాల గోండి ఫాంట్ వేసినం, డబ్బాలన్నీ అక్షరాలైనయ్. డిస్క్ మీద పేరు మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. లినక్స్‌కు పేరు అంటే బైట్ల వరుస, రెండే నిషేధాలు, '/' గీత ఉండొద్దు, సున్నా బైటు ఉండొద్దు. ఏ భాష, ఏ లిపి అని అడగదు. నాకైతే ఈ గుణం మస్తు నచ్చింది. మన పిల్లల పేర్లు బళ్లో చేర్పించేటప్పుడు సారు నోరు తిరగక మార్చి రాసిన రోజులు మీ ఇళ్లల్లో పెద్దోళ్లను అడగండి.

ఇప్పుడు దారి సంగతి. మా తండా ముందు చందంపేట మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాలు, మండలాలు మార్చినప్పుడు నేరేడుగొమ్ము మండలంలోకి వచ్చింది. 2018లో తండాలు, గూడేలు పంచాయతీలైనప్పుడు మా తండా కూడా పంచాయతీ అయింది. తండా ఒక్క అడుగు జరగలేదు, బోరింగు అక్కడే, తుల్జాభవాని గుడి అక్కడే, దారి మాత్రం రెండుసార్లు మారింది. లినక్స్‌లో ఎంవీ కమాండు చేసే పని ఇదే. 4 జీబీ సినిమాను అదే డిస్క్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మారిస్తే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతది. ఎందుకంటే సినిమా కదల్లేదు, ఒక రిజిస్టర్లో పేరు కొట్టేసి ఇంకో రిజిస్టర్లో రాసింది. అదే పెన్‌డ్రైవ్‌కు మారిస్తే నిమిషాలు పడ్తది, అక్కడ నిజంగా మోయాలె.

సాఫ్ట్ లింక్ అని ఒకటుంటది. అది ఐనోడ్ నంబరును పట్టుకోదు, దారిని అక్షరాల్లో రాసి పెట్టుకుంటది. దారి మారిందా, ఇగ అది పని చేయదు, "అలాంటి ఫైలు లేదు" అంటది. ఫైలు మాత్రం పక్క ఫోల్డర్లో నిక్షేపంగా ఉంటది. మా బాబాయి కొడుకు కుల సర్టిఫికెట్‌లో పాత మండలం ఉంది, ఆన్‌లైన్ ఫారంలో కొత్త మండలం. మూడు వారాలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగిండు. తండా ఉంది, పిల్లగాడు ఎదురుగా నిలబడ్డడు, అయినా "లేదు" అనే జవాబే.

ఇగ డిస్క్ కథ. 2019 నుంచి మేం నలుగురం సెలవులకు పోయినప్పుడల్లా దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో పెద్దోళ్ల పాటలు, మాటలు రికార్డు చేసినం. పెళ్లిలో పిల్ల ఏడ్చుకుంటూ పాడే ఢావ్లోలు, తీజ్ పాటలు, పాత ముచ్చట్లు. అన్నీ ఒక టెరాబైట్ బయటి హార్డ్‌డిస్క్‌లో, ఈఎక్స్‌టీ4లో. మా దాది గొంతు కూడా అందులోనే ఉంది. ఆమె 2022లో పోయింది.

ఒక మే నెల సాయంత్రం గాలివాన. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. డిస్క్ అప్పుడు డెస్క్‌టాప్‌కు తగిలించి ఉంది. తర్వాత 'పాటలు' ఫోల్డర్ తెరిస్తే 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్'. నేను షిఫ్టులో ఉన్న, మా మిత్రుడు ఆగలేక డిస్క్ పట్టుకుని మీర్‌పేట్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ పోయిండు, రిపేరు షాపుకు. షాపాయన విండోస్‌కు తగిలించిండు. స్క్రీన్ మీద ఒక డబ్బా వచ్చింది, "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని. "భయ్యా, లోపల ఏం లేదు, ఫార్మాట్ కొడ్తా, డిస్క్ అయినా దక్కుతది" అన్నడట షాపాయన. అప్పుడే మావోడు నాకు ఫోన్ చేసిండు. "ఏం ముట్టొద్దను, తీసుకొని వచ్చెయ్" అన్న.

ఆయన తప్పు ఏం లేదు. విండోస్‌కు ఈఎక్స్‌టీ4 మామూలుగా చదవరాదు. మంచిగున్న డిస్క్ పెట్టినా అదే మాట అంటది. మీలో ఎవరైనా లినక్స్ డిస్క్ విండోస్‌కు పెట్టినప్పుడు ఆ డబ్బా వస్తే 'వద్దు' నొక్కండి. ఈ పోస్ట్‌లో ఇంకేం గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ముందు ఒక దోస్తు దగ్గర రెండు టెరాబైట్ల డిస్క్ అడుక్కొచ్చి, డీడీరెస్క్యూ తో మొత్తం డిస్క్‌కు నకలు తీసిన. పాడైన డిస్క్ మీద ఏ రిపేరూ చేయొద్దు, నకలు మీదనే చేయాలె, ఇది మా పనిలో మొదటి నియమం. రాత్రంతా నడిచింది, తెల్లారి కూడా. చదవలేకపోయింది కొన్ని కిలోబైట్లే. కానీ ఆ కొన్నిట్లో ఒక 4 కిలోబైట్ల బ్లాకు 'పాటలు' ఫోల్డర్ రిజిస్టరు. అందులో 58 వరుసలు. తెలుగులో పొడుగు పేర్లు పెట్టినం కాబట్టి ఆ 58కే బ్లాకు దాదాపు నిండింది.

తర్వాత నకలు మీద ఎఫ్ఎస్‌సీకే నడిపిన. అది చేసే పని ఊళ్లో ఇంటింటి సర్వే లాంటిది. ఐనోడ్లన్నీ తిరిగి చూస్తది, ఏ ఐనోడ్‌కు ఏ రిజిస్టర్లోనూ పేరు లేదో పట్టుకుంటది. డేటా ఉంది, పేరు లేదు, అలాంటివాటిని పారేయదు. '/' కింద 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అని ఒక ఫోల్డర్ ఉంటది, మీరంతా చూసే ఉంటరు, ఎప్పుడూ ఖాళీగా ఉండి ఇదెందుకో అనిపిస్తది. వాటిని తెచ్చి అందులో పెడ్తది. పేరు తెలియదు కాబట్టి హ్యాష్ గుర్తు, పక్కన ఐనోడ్ నంబరు, అదే పేరు.

తెరిచి చూస్తే 58 ఉన్నయ్. నాలుగు ఫోల్డర్లు, 54 ఫైళ్లు. నాలుగు ఫోల్డర్ల పేర్లు పోయినయ్, కానీ లోపల ఫైళ్ల పేర్లన్నీ పదిలం, ఎందుకంటే ఆ పేర్లు ఉన్నది ఆ ఫోల్డర్ల సొంత రిజిస్టర్లలో. 54 ఫైళ్లకు మాత్రం ఉత్త నంబర్లు. చివర 'వేవ్', 'ఎంపీ3' అనే తోక కూడా పోయింది, అది కూడా పేరులో భాగమే కదా. లినక్స్‌కు ఆ తోకతో పని లేదు. 'ఫైల్' అనే కమాండు మొదటి బైట్లు చూసి ఏది ఏ రకమో చెప్పేస్తది. అన్నీ పాటలే. ఒక నంబరు నొక్కిన, డప్పు వినపడ్డది. షిఫ్టు నుంచి వచ్చి నిద్ర లేదు, అయినా ఆ రోజు పడుకోలేదు.

54కు పేర్లు ఎట్ల పెట్టాలె? ఐనోడ్‌లో తారీకు మిగిలింది. ఆగస్టులో ఉన్నవి తీజ్ పాటలు అయి ఉంటయి, బుట్టల్లో గోధుమ నారు పెంచే తొమ్మిది రోజులు శ్రావణంలోనే కదా. ఏప్రిల్, మే వి పెళ్లిళ్లవి. సైజు ఎక్కువ ఉన్నవి పెద్దమనుషుల ముచ్చట్లు. ఇంతవరకు కంప్యూటర్ చెప్పింది. ఎవరు పాడిండ్రు, ఏ తండా, ఏ పాట, ఇవి ఏ రిజిస్టర్లోనూ లేవు.

ఆ నెలలోనే మా యాడి కండ్లు చూపించుకోవడానికి వచ్చి ఎనిమిది రోజులు ఉంది. రోజూ పొద్దున హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించిన. మొదట వద్దన్నది, చెవులు నొస్తున్నయ్ అన్నది. తర్వాత ఆమెనే అడగబట్టింది, "ఇంకోటి పెట్టు" అని. గొంతు వినంగనే చెప్పేది, ఇది ఫలానా వాళ్ల పెద్దకోడలు, ఇది చెరువు కింది తండా, ఈ ముసలామె ఇక్కడ ఒక చరణం ఎగ్గొట్టింది అని. మా దాది పాట వచ్చినప్పుడు పేరు చెప్పలేదు. హెడ్‌ఫోన్స్ తీసి, "ఇది రాసుకో" అని మాత్రం అన్నది.

ఒక పాట దగ్గర పంచాయితీ అయింది. అది బిడ్డను అత్తగారింటికి సాగనంపే పాట అన్నది యాడి. ఫోన్లో వినిపిస్తే మేనత్త కాదన్నది, అది నీళ్లకు పోయేటప్పటి పాట, తర్వాత పెళ్లిలో కలిపిండ్రు అన్నది. ఇద్దరూ తగ్గలేదు. ఇద్దరి మాటా నేను రాసుకున్న. ఎల్ఎన్ కమాండుతో ఒకే ఐనోడ్‌కు ఇంకో పేరు పెట్టొచ్చు. దీన్ని హార్డ్ లింక్ అంటరు. పెళ్లి పాటల ఫోల్డర్లో ఒక పేరు, పని పాటల ఫోల్డర్లో ఇంకో పేరు, నంబరు ఒకటే, పాట ఒకటే, స్థలం రెండింతలు కాదు. ఏది అసలు పేరు, ఏది మారు పేరు అనే తేడా కూడా లేదు, రెండూ సమానమే. ఐనోడ్‌లో లింకుల లెక్క 2 అని పడ్తది. ఒక పేరు తీసేస్తే లెక్క ఒకటి తగ్గుతది, పాట ఉంటది. లెక్క సున్నా అయినప్పుడు, ఏ ప్రోగ్రామూ దాన్ని తెరిచి పెట్టుకోనప్పుడు మాత్రమే బ్లాకులు వేరేవాళ్లకు ఖాళీ అవుతయి. మీకు ఇంట్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు ఉంటే ఇది చటుక్కున అర్థమైతది. ఫోల్డర్లకు మాత్రం హార్డ్ లింక్ పెట్టనివ్వదు, ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కూ కుదరదు, నంబర్లు ఏ డిస్క్‌వి ఆ డిస్క్‌కే.

చెరిపేసిన ఫైలు సంగతి కూడా అడుగుతరు కాబట్టి ఒక మాట. మాకు పోయింది రిజిస్టరు పేజీ, ఐనోడ్లు కాదు. ఆర్ఎం కొడితే వేరు. ఈఎక్స్‌టీ4 ఐనోడ్‌లో ఉన్న బ్లాకుల లెక్కను కూడా తుడిచేస్తది. డేటా ఇంకా కొంతకాలం డిస్క్ మీద పడి ఉండొచ్చు గానీ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతదో చెప్పేది ఉండదు. ఫోటోరెక్ లాంటివి మొదటి బైట్లు చూసి వెతుకుతయి, దొరికితే అదృష్టం, ముక్కలైన ఫైలు అయితే కష్టం. ఎస్ఎస్‌డీ అయితే ఇంకా కష్టం. అందుకే వెంటనే ఆ డిస్క్ మీద రాయడం ఆపండి. హార్డ్ లింక్‌ను బ్యాకప్ అనుకోకండి, డిస్క్ పోతే రెండు పేర్లూ పోతయి. మా పాటలు ఇప్పుడు మూడు డిస్కుల్లో ఉన్నయ్, ఒకటి తండాలో, ఒకటి ఇక్కడ, ఒకటి ఉట్నూర్ మిత్రుడి ఇంట్లో.

54లో 43కు పేర్లు వచ్చినయ్. పదకొండు ఇంకా నంబర్లతోనే ఉన్నయ్. యాడి గుర్తుపట్టలేదు, మేనత్త గుర్తుపట్టలేదు. రికార్డు చేసినవాళ్లం మేమే అయినా ఆ రోజు మూడు తండాలు తిరిగినం, ఎవరి వాకిట్లో ఏది పాడిండ్రో కలగలిసిపోయింది. అందులో ఒకటి 2021 ఆగస్టుది, ఇద్దరు ముసలామెలు, మధ్యలో ఒక మేక అరుస్తది, ఒకామె నవ్వి మళ్లీ మొదలుపెడ్తది. పాడిన వాళ్ల ఇంటోళ్లు దొరికితే వాళ్లకు అడిగే ఏదైనా బయట పెడతాం, కాబట్టి పూర్తి పాటలు కాదు, మూడింటి నుంచి అర నిమిషం ముక్కలు రేపు సాయంత్రం గ్రూపులో పెడ్తా. చందంపేట, నేరేడుగొమ్ము, డిండి, దేవరకొండ వైపు వాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దోళ్లకు వినిపించండి. గొంతు ఎవరిదో చెప్తే చాలు, పాట పేరు తర్వాత చూసుకుందాం.